క్వాకో మోసిన కబురు

బోస్టన్ పట్నం వాకిట్లో, సిపాయిల కాపలా దగ్గర, ఆ ముసలాయన్ని మోకాళ్ళ మీద కూలేశారు.

కొవ్వొత్తులు అమ్ముకునే మనిషి. భుజాన మోసుకొచ్చిన పెట్టెలో పైన కొవ్వొత్తులే ఉన్నాయి. అడుగున మాత్రం కాగితంలో చుట్టిన తూటాలు దొరికాయి. ఎర్రకోటు సిపాయి తుపాకి మడమతో పెట్టెను పిప్పి చేశాడు.

"ఇవెందుకురా ముసలోడా?"

"దీపాలకి బాబూ..." ఏం చెప్తున్నాడో ముసలాయనకే తెలియలేదు.

సిపాయిలు పగలబడి నవ్వారు. ఒకడు తూటా కాగితాన్ని పళ్ళతో చింపి, లోపలి తుపాకిమందు ముసలాయన నోట్లో కుమ్మరించాడు. "మింగు. కడుపులో దీపం వెలుగుద్ది. రాజుగారు చల్లగా ఉండాలని చెప్పు."

నల్లటి చొంగ గడ్డం మీదుగా కారుతుంటే ముసలాయన ఆ మాట అన్నాడు. మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అన్నాడు.

వెనకాల బళ్ళు బారులు తీరి ఉన్నాయి. పట్నానికి నేలదారి అదొక్కటే, అటూ ఇటూ ఉప్పునీళ్ళు. ఓడరేవును ఇంగ్లండు రాజు మూయించిన దగ్గర్నుంచి పట్నంలోకి గింజ పోవాలన్నా, మనిషి బయటికి రావాలన్నా ఈ ఇరుకు సందులోంచే. తాళ్ళు పేనేవాళ్ళకు పని లేదు, ఓడలు చెక్కేవాళ్ళకు పని లేదు. ఉన్న పనల్లా సిపాయిలకే.

ముల్లంగి, కోళ్ళు వేసుకొచ్చిన బండి మీద క్వాకో కూర్చుని ఉన్నాడు. బండీ, గుర్రమూ, ముల్లంగీ ఆల్డర్‌బ్రూక్ ఊరి చర్చి పెద్ద, డీకన్ విల్కిన్స్‌వి. క్వాకో కూడా డీకన్‌దే. చిన్నప్పుడు న్యూపోర్ట్ రేవులో అతన్ని వేలం వేసినప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్ళ మొహాలు అతనికి బాగా గుర్తు. కొందరు నేల చూశారు, కొందరు ఆకాశం చూశారు, ఒకాయన తన బూటుకంటిన బురద చూసుకున్నాడు. ఆ మొహాలే ఇప్పుడు ఇక్కడున్నాయి. చేతిలో కొరడాలున్న రైతులు, భుజబలమున్న రైతులు, బూట్లు చూసుకుంటున్నారు. తేడా అల్లా ఈసారి మోకాళ్ళ మీద ఉన్నవాడు తెల్లవాడు.

పక్కన కూర్చున్న ఎలిఫలెట్ పళ్ళు కొరుకుతున్నాడు. అదే ఊళ్ళో చెప్పులు కుట్టే పనివాడు. పట్నంలో తోలు కొందామని బయల్దేరి క్వాకో బండెక్కాడు.

"ఏదో ఒకటి చెయ్యాలి" అన్నాడు ఎలిఫలెట్.

"చెయ్యి మరి."

ఎలిఫలెట్ దిగలేదు. క్వాకో కూడా దిగలేదు. ముసలాయన్ని ఈడ్చుకుపోయాక బళ్ళు ఒకదాని వెనక ఒకటి కదిలాయి.

*

ఆ కబురు ఆల్డర్‌బ్రూక్‌లో మంట పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం థాంక్‌ఫుల్ ప్రాట్ కొలిమిశాలలో జనం చేరారు. ఆమె మొగుడు కమ్మరి, పోయాడు. సుత్తి కింద పెట్టకుండా ఆమే కొలిమి నడుపుకొస్తోంది. బారెడు మనిషి, నిప్పురవ్వలకు మచ్చలు పడ్డ చేతులు.

డీకన్ విల్కిన్స్ మధ్యలో నిలబడి చెప్పాడు. సిపాయిలు ఏదో ఒక రోజు పట్నం దాటి వస్తారు. కాంకర్డ్‌లో, చుట్టుపక్కల ఊళ్ళలో దాచిన తుపాకిమందు పట్టుకుపోతారు. మందు పోయాక మనం గొర్రెలం. వాళ్ళు కదలగానే తూర్పు నుంచి రౌతు మన ఊరికి వస్తాడు. మన దగ్గర్నుంచి ఇంకో రౌతు కోల్డ్‌స్ప్రింగుకీ, ఆ పైన హాలోవేకీ కబురు మోయాలి.

"రాజు మనల్ని బానిసలను చెయ్యాలని చూస్తున్నాడు!" అన్నాడు డీకన్. "ఈ మెడలు కాడి మొయ్యవు!"

జనం కేకలు పెట్టారు. తలుపు దగ్గర గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డ క్వాకో మొహంలో ఏ మార్పూ లేదు. ఈ చలికాలమంతా ఆ మాట అతను వింటూనే ఉన్నాడు. బానిసలు, గొలుసులు, కాడి. డీకన్ భోజనాల బల్ల దగ్గర ఆ మాటలు నడుస్తుంటే సంకటి వడ్డించింది అతనే.

"ఎవరెక్కుతారు?"

ఊళ్ళో పరుగెత్తే గుర్రమంటే డీకన్ ఆడగుర్రమే. దాని మీద నిలిచేది క్వాకో ఒక్కడే. ఆ సంగతి అందరికీ తెలుసు, నోరు తెరిచి అనడానికి మాత్రం ఇబ్బంది పడ్డారు.

"నల్లోడొచ్చి తలుపు కొడితే ఏ ఊరు లేస్తుందయ్యా?" అన్నాడొక రైతు.

"కొంపంటుకుందని నల్లోడు అరిస్తే, తెల్లోడొచ్చి చెప్పేదాకా పడుకునే ఉంటావా?" అంది థాంక్‌ఫుల్. నవ్వులు లేచాయి.

"అది కాదక్కా. గుర్రంతో సహా ఉడాయిస్తే?"

డీకన్ చెయ్యి ఊపాడు. "వాడెక్కడికి పోతాడు? వాడి పెళ్ళాం కోల్డ్‌స్ప్రింగులో స్క్వైర్ థార్న్‌డైక్ వంటింట్లో ఉంది. కట్టేసిన తాడు అక్కడుందిలే."

ఎవరో నవ్వబోయి ఆగారు. క్వాకో గుర్రం మెడ నిమురుతూనే అడిగాడు. "అయ్యగారూ, ఒక్క మాట. రాజు పెట్టిన కాడి మీ మెడల మీంచి తీయడానికి నేను కబురు మోస్తాను. తీరా తీశాక, నా సంగతేంటి?"

డీకన్ మొహం ఎర్రబడింది. కోపంతో కాదు, చర్చిలో పిల్లాడు బూతుమాట అన్నప్పుడు పెద్దలకు అయినట్టు.

"ముందు రాజు సంగతి తేలనీరా. నీ సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడండీ?"

"చెప్పానుగా!"

జనం వెళ్ళాక గుర్రానికి కొత్త లాడాలు కొడుతూ థాంక్‌ఫుల్ ఒక్కో గిట్టా పట్టుకుని వంగి ఉంది. చివరి మేకు దిగాక నడుం పట్టుకుని లేచి, మూల ఉన్న బొగ్గు గుట్టను కాలితో చూపించింది.

"ఊరి మందంతా దాని కింద ఉంది. డీకన్ తన కొట్టంలో పెట్టుకోనన్నాడు. పెళ్ళాం భయపడుతుందట. నీకు తెలిసి ఉండాలని చెప్తున్నా. నాకేమన్నా అయితే, మోసిన ఇద్దరు ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియదు."

"నాకెందుకు చెప్పావక్కా? ఏం చూసుకుని నన్ను నమ్మావు?"

"ఏమో. ఆ మాట డీకన్ మొహం మీద అడిగావుగా. అందుకేమో." ఆమె చేతులు తుడుచుకుంది. "నీకివ్వడానికి నా దగ్గర ఇంకేం లేదు. లాడాలు మాత్రం గట్టిగా కొట్టాను."

*

బుధవారం తెల్లవారుతుండగా తూర్పు నుంచి రౌతు వచ్చాడు. గుర్రం నోటి వెంట నురగ. మనిషికి మాట రావడం లేదు. కొలిమి ముందు జారిపోయినట్టు దిగి, "కదిలారు... వందల మంది... కాంకర్డ్ దారి" అన్నాడు. అంతే.

క్వాకో అప్పటికే జీను బిగించాడు.

ఆ పరుగు గురించి తర్వాత చాలామంది చాలా చెప్పుకున్నారు. అతనికి మాత్రం గుర్తున్నవి తలుపులు. కొరడా పిడితో కొట్టిన ఒక్కో తలుపు. కిటికీలోంచి తల బయట పెట్టి నల్లమొహం చూసి కళ్ళు చిట్లించిన మనిషి. "ఎవరు పంపారు నిన్ను?" అని అడిగిన మనిషి. "సిపాయిలొస్తున్నారు, నన్నెవరు పంపితే ఏంటయ్యా, తుపాకి తీసుకో!" అని అరిచి మళ్ళీ దౌడు తీయడం. వెనక్కి తిరిగి చూస్తే ఒక ఇంట్లోంచి మనిషి చొక్కా తొడుక్కుంటూ పక్కింటికి పరుగెత్తుతున్నాడు. అది చూశాక వెనక్కి చూడటం మానేశాడు.

కోల్డ్‌స్ప్రింగులో అతను ముందు పోయింది స్క్వైర్ థార్న్‌డైక్ ఇంటి వెనక్కి. ఊళ్ళో సగం భూమి ఆ స్క్వైర్‌దే, రాజుగారి మనిషి. వంటింటి గుమ్మంలో అతని పెళ్ళాం ఫిబ్బీ రొట్టె పిండి పిసుకుతోంది.

"ఏంటయ్యా ఈ వేళప్పుడు? మెల్లగా, దొర లేచే ఉన్నాడు."

"మెల్లగా చెప్పే కబురు కాదే. సిపాయిలు బయల్దేరారు. మందిరం గంట కొట్టించాలి."

"తాళం దొర దగ్గర ఉంది. ఈ ఊళ్ళో గంట మోగకూడదని మొన్ననే జేబులో వేసుకున్నాడు."

క్వాకో పళ్ళు నూరాడు. ఇంకా హాలోవే పోవాలి. ఇక్కడ ఇంటింటికీ తిరిగితే అక్కడికి పొద్దెక్కిపోతుంది. ఫిబ్బీ చేతుల పిండి ఎప్రాన్‌కు తుడుచుకుంటూ అతన్నే చూస్తోంది.

"ఈ గొడవ గెలిస్తే మనకేమన్నా వస్తుందంటావా?" అని అడిగింది.

"అడిగాను. తర్వాత చూద్దామన్నాడు."

"అనుకున్నా." ఆమె పొయ్యి పక్కనున్న కట్టెల గొడ్డలి చేతిలోకి తీసుకుంది. "నువ్వు పో. గంట సంగతి నాకొదిలెయ్."

"నీ తోలు ఒలుస్తాడే!"

"ఈ నెలలో రెండుసార్లు ఒలిచాడు. కారణం ఏం లేకుండానే. పో అంటుంటే!"

*

హాలోవే దారి మలుపులో వాళ్ళు దొరకబుచ్చుకున్నారు. నలుగురు గుర్రపు ఆఫీసర్లు, దారి తప్పిన గస్తీ. రెండు పక్కలా రాతిగోడలు, ముందు పిస్తోళ్ళు. క్వాకో గుర్రాన్ని గోడ దూకించబోయాడు. కళ్ళెం ఒకడి చేతిలో పడింది.

దారి పక్కనే గొర్రెల దొడ్డి ఉంది. నిలువెత్తు రాతిగోడలు, కర్ర తలుపు. లోపల బురద. చేతులు వెనక్కి కట్టి అతన్ని లోపలికి తోశారు. అక్కడ అప్పటికే ఒకడు కట్టేసి ఉన్నాడు. ఎలిఫలెట్. ఇంకో దారిలో కాలినడకన కబురు మోస్తూ వాళ్ళకు చిక్కాడు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది.

"హాలోవే?" అని అడిగాడు ఎలిఫలెట్.

క్వాకో తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ గోడలకేసి చూశారు. రాయి మీద రాయి. పైన కాస్త ఆకాశం. దూరంగా ఎక్కడో టపటపమని చప్పుళ్ళు వినిపించి ఆగిపోయాయి.

"తుపాకులు" అన్నాడు ఎలిఫలెట్. "మొదలైంది. మనం ఇక్కడున్నాం."

లెఫ్టినెంట్ హార్గ్రీవ్ అనే కుర్రవాడు వాళ్ళ పెద్ద. తెల్లటి చేతితొడుగులు, నిద్రలేని కళ్ళు. అతని వెనక ఒక నల్లమనిషి గుర్రాలు పట్టుకుని నిలబడ్డాడు. లెఫ్టినెంట్ ముందు ఎలిఫలెట్‌ను నాలుగు ప్రశ్నలు అడిగి, నాలుగు దెబ్బలు కొట్టి వదిలేశాడు. తర్వాత క్వాకో ముందు గొంతుక్కూర్చుని చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఎవరి మనిషివి నువ్వు?"

"డీకన్ విల్కిన్స్ గారి మనిషినండి."

"అంటే నీ యజమాని స్వేచ్ఛ కోసం గుర్రం తోలుతున్నావు. బాగుంది. మరి నీ స్వేచ్ఛ కోసం ఎవరు తోలుతారు?"

ఆ ప్రశ్న క్వాకోదే. తన కడుపులోంచి తీసి తన ముందే పెట్టినట్టుంది.

"ఆల్డర్‌బ్రూక్ మందు ఎక్కడ దాచారు? ఒక్క మాట చెప్పు. సాయంత్రానికి బోస్టన్‌లో ఉంటావు, ఎవరి మనిషివీ కాకుండా. పెళ్ళాం ఉందా? ఆమె కూడా. రాజుగారి ఆఫీసరుగా మాటిస్తున్నా. ఆలోచించుకో." లేచి, చేతితొడుగు దులుపుకుని వెళ్ళిపోయాడు.

బురద చల్లదనం మోకాళ్ళలోంచి ఎముకల్లోకి ఎక్కుతోంది. క్వాకో ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఫిబ్బీ చేతిలో గొడ్డలి, స్క్వైర్ చేతిలో కొరడా. సాయంత్రానికి ఇద్దరూ ఒక గదిలో, తలుపు లోపలి వైపు గడియ ఉన్న గదిలో. ఒక్క మాట. బొగ్గు.

"చెప్పకు క్వాకో" అన్నాడు ఎలిఫలెట్.

"ఎందుకు చెప్పకూడదో చెప్పు."

"అదేంటి? మనందరి..."

"మన అంటే ఎవరం? నన్ను కలుపుకునే అంటున్నావా? మొన్న ఆదివారం కలుపుకున్నావా?" క్వాకో గొంతు లేచింది. "మీ డీకన్ నా పెళ్ళాన్ని తాడు అన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు. నోరు తెరిచావా?"

ఎలిఫలెట్ నేల చూస్తూ అన్నాడు. "తెరవలేదు. నువ్వు చెప్పినా నిన్ను అనడానికి నాకు మొహం లేదు. కానీ వాళ్ళు ఉరి తీసేది డీకన్‌ను కాదు. అది ఎక్కడుందో నాకూ తెలుసు. మోసినవాళ్ళలో నేనున్నా."

అది క్వాకోకు ముందే తెలుసు. తెలియనట్టు ఉందామని చూస్తున్నాడు. థాంక్‌ఫుల్ అక్క మచ్చలు పడ్డ చేతులు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

దొడ్డి తలుపు దగ్గర గుర్రాల మనిషి నీళ్ళ బుర్ర లోపలికి అందించాడు. క్వాకో తాగలేదు. అతని మొహంలోకి చూశాడు.

"అన్నా, నీ పేరేంటి?"

"స్కిపియో అంటారు."

"ఆ కుర్రదొర దగ్గర నువ్వు జీతానికున్నావా, కొన్నాడా?"

స్కిపియో ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. "జమైకాలో కొన్నాడు."

"నన్ను ఈ సాయంత్రానికి వదిలేస్తానంటున్నాడు."

స్కిపియో పెదవి ఒక పక్కకు వంగింది. అది నవ్వు కాదు. "నాకూ అదే చెప్తాడు. కోపం తగ్గినప్పుడల్లా చెప్తాడు. ఓడెక్కినప్పుడు చెప్పాడు, దిగినప్పుడు చెప్పాడు. నీళ్ళు తాగు."

క్వాకో తాగాడు.

లెఫ్టినెంట్ తిరిగొచ్చాడు. "ఊఁ?"

"నాకు గుర్రాల సంగతి తప్ప ఏం తెలియదు దొరా."

"స్వేచ్ఛ వద్దా నీకు?"

"కావాలి దొరా. మీ దగ్గర ఉంటే ముందు ఆయనకివ్వండి." గడ్డంతో స్కిపియోను చూపించాడు.

కత్తి ఒరతో కొట్టిన దెబ్బ చెవి మీద పడింది. రెండోది పడ్డప్పుడు ప్రపంచం పక్కకు ఒరిగింది. బురదలో చెంప ఆనించి పడి ఉండగా, హోరెత్తుతున్న ఆ చెవిలోకే ఏదో చప్పుడు దూరింది. మొదట తన తలలోనే అనుకున్నాడు.

గంట. కోల్డ్‌స్ప్రింగు వైపు నుంచి. తీరూ తెన్నూ లేకుండా మోగుతోంది. గంట కొట్టడం ఎన్నడూ రానివాళ్ళు తాడుకు వేలాడి కొడుతున్నట్టు.

"ఫిబ్బీ!" అన్నాడు క్వాకో. నోట్లో నెత్తురు, బురద.

ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో ఉత్తరాన ఇంకో గంట. ఆ పైన తుపాకి మూడుసార్లు పేలిన చప్పుడు, ఊళ్ళు లేపడానికి పేల్చేది. తర్వాత పడమట. హాలోవే! తను పోలేకపోయిన ఊరు. ఎవరు పోయారక్కడికి? ఎవరో పోయారు. గంట విన్నవాడు పోయాడు, పక్కింటికి పరుగెత్తినవాడు పోయాడు, ఎవరూ పంపకుండానే పోయారు. నలుగురు రౌతులు నాలుగు దిక్కులకూ తలలు తిప్పుతున్నారు. ఇప్పటిదాకా గోడల మధ్య ఉన్నది క్వాకో. ఇప్పుడు దారి రెండు పక్కలా రాతిగోడలు ఉన్నాయని వాళ్ళకు తెలిసొచ్చినట్టుంది.

"గుర్రాలు! స్కిపియో, గుర్రాలు!"

వాళ్ళు గుర్రాలెక్కారు, క్వాకో ఎక్కొచ్చిన గుర్రం కళ్ళెం కూడా పట్టుకున్నారు. స్కిపియో మాత్రం లెఫ్టినెంట్ రెండో గుర్రం కళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"రా!" అని అరిచాడు లెఫ్టినెంట్. పిస్తోలు ఎత్తాడు. గంటలు మోగుతున్నాయి. పేల్చడానికి ధైర్యం చాల్లేదో, తీరిక చాల్లేదో, తిట్టుకుంటూ గుర్రాన్ని తన్ని పోయాడు.

స్కిపియో దొడ్డి తలుపు తీశాడు. ఇద్దరి కట్లూ విప్పాడు. "ఇప్పుడు నేనెక్కడికి పోవాలి?" అని అడిగాడు.

"మాతో రా" అన్నాడు క్వాకో.

ఆ రోజు ఎర్రకోటు సైన్యం కాంకర్డ్ నుంచి బోస్టన్ దాకా పరుగెత్తిన సంగతి లోకమంతటికీ తెలుసు. ప్రతి గోడ వెనకా ఒక ఊరుంది. ఎలిఫలెట్ గోడ మీద తుపాకి ఆనించి పేలుస్తుంటే స్కిపియో మందు కూరి అందించాడు. క్వాకో లెఫ్టినెంట్ వదిలిపోయిన గుర్రం మీద ఒకరిద్దరు చొప్పున గాయపడ్డవాళ్ళను మోశాడు. థాంక్‌ఫుల్ బొగ్గు కిందనుంచి తీసిన మందు గింజ మిగలకుండా వాడారు.

*

మే నెలలో ఆపిల్ చెట్లు పూసే వేళకు, ఊరి దళం బోస్టన్ ముట్టడికి బయల్దేరాల్సి వచ్చింది. డీకన్ విల్కిన్స్ ఇప్పుడు కెప్టెన్ విల్కిన్స్. మైదానంలో వరసగా నిలబడ్డ జనంలో క్వాకో, స్కిపియో కూడా ఉన్నారు.

"మీరిద్దరూ పక్కకు రండి" అన్నాడు డీకన్. "బానిసలను దళంలో చేర్చుకోవద్దని పై కమిటీ ఆదేశం. స్వతంత్రులు మాత్రమే పోరాడాలట."

"మొన్న పోరాడింది ఎవరండీ?" అన్నాడు క్వాకో.

"మొన్నటి సంగతి వేరు. నువ్వు నాకు మంచి సేవ చేశావు, నేను మరిచిపోను. పశువుల కొట్టంలో పని చాలా ఉంది, పో. ఇకపోతే వీడు..." స్కిపియో వైపు తిరిగాడు. "శత్రువుల దగ్గర పట్టుబడ్డ సొత్తు. గుర్రం, జీను, వీడు. శనివారం వేలం. వచ్చిన డబ్బు దళం బూట్లకు."

కొందరు బూట్లు చూసుకున్నారు.

స్కిపియో క్వాకో వైపు చూశాడు. నిలదీయలేదు, బతిమాలలేదు. జమైకా నుంచి అన్ని మాటలూ విన్నవాడి చూపు అది.

"ఈయన పట్టుబడలేదు" అన్నాడు క్వాకో గట్టిగా. "ఈయనే తలుపు తీశాడు. పట్టుబడింది నేనూ ఎలిఫలెటూ. ఈయన్ని అమ్మేమాటైతే ముందు మా ఇద్దరినీ అమ్మండి."

"ఒరేయ్, కొట్టంలోకి పో."

"పోనండి."

"ఏమన్నావ్?"

"తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత వచ్చింది. నేను కొట్టంలోకి పోను. ఈయన వేలానికి రాడు."

పట్టుకోమని డీకన్ దళంలోని ఒక జవాను మీద అరిచాడు. జవాను రెండు అడుగులు వేసి ఆగాడు. రెండోసారి అరిస్తే మరో ఇద్దరు రైతులను తోడు తీసుకుని వచ్చాడు. ఎలిఫలెట్ అడ్డం పడితే తోసేశారు. ఊళ్ళో జైలు లేదు. గుట్ట మీద తుపాకిమందు దాచే రాతిగది ఖాళీగా ఉంది. కిటికీ లేదు, ఇనప తలుపు. ఇద్దరినీ అందులో పడేశారు.

లోపల పగలూ చీకటే. గోడలకు ఇంకా మందు వాసన. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. తలుపు సందులోంచి వేలంత వెలుగు. ఒకసారి స్కిపియో అన్నాడు. "నువ్వు ఊరికే ఉండాల్సింది. నీకు కొట్టమన్నా ఉండేది."

"ఆ రోజు నువ్వు గుర్రంతో పోవాల్సింది" అన్నాడు క్వాకో. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. నవ్వు ఆగాక గది ఇంకా చిన్నదైనట్టు అనిపించింది. రేపు ఇతన్ని తీసుకుపోతారు. తలుపు తీసినప్పుడు అడ్డం పడితే తన తల పగులుతుంది, అంతే. ఇంకేం చెయ్యగలడు? గంటలు లేవు, గుర్రం లేదు.

శనివారం పొద్దున్న గుట్ట కింద కాళ్ళ చప్పుడు వినిపించింది. వేలానికి జనం వస్తున్నారనుకుని స్కిపియో లేచి చొక్కా సర్దుకున్నాడు. క్వాకో తలుపుకు చెవి ఆనించాడు. చప్పుడు మైదానం వైపు పోలేదు, ఇటే వస్తోంది. చాలా కాళ్ళు.

"ఏవయ్యా, ఉన్నావా?"

"ఫిబ్బీ! నువ్వెలా వచ్చావే?"

"ఎలిఫలెట్ కబురంపాడు. నడిచొచ్చా. దొర సామాను సర్దుకుని బోస్టన్ పారిపోయాడుగా, అడిగేవాడెవడు? గంటతాడు నాతోపాటు లాగినవాళ్ళంతా వచ్చారు. హాలోవే నుంచి స్టెబిన్స్ ఇంటి వంటామె, ఆమె తమ్ముళ్ళిద్దరూ. కూలిపని చేసే తెల్లోళ్ళు కూడా ఉన్నార్లే కొందరు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాం."

ఆమె తలుపుకు వీపు ఆనించి కూలబడ్డ చప్పుడు వినిపించింది. పక్కన ఇంకెవరో. ఇంకెవరో.

దళాన్ని వెంటబెట్టుకుని డీకన్ గుట్ట ఎక్కాడు. రొప్పు వినిపిస్తూనే ఉంది. "లేవండి! ఇదేం పని? చెదిరిపొండి ఇక్కణ్ణుంచి!"

"లెక్సింగ్టన్‌లో ఎర్రకోటు ఆఫీసరు పోయిన నెల మనవాళ్ళను కాల్చే ముందు అన్నదీ ఇదే మాట డీకన్ గారూ" అంది థాంక్‌ఫుల్ గొంతు. ఆమె ఎప్పుడొచ్చిందో క్వాకోకు తెలియలేదు. "కాస్త కొత్తమాట చూడండి."

"కెప్టెన్ విల్కిన్స్‌గా ఆజ్ఞాపిస్తున్నాను! దళం! వీళ్ళను లాగి పడేయండి!"

ఒక తుపాకి గడ్డి మీద పడ్డ చప్పుడు. "నా వల్ల కాదు" అన్నాడు ఎలిఫలెట్. వచ్చి కూర్చున్నాడు. ఇంకో తుపాకి పడింది. ఇంకొకటి. అన్నీ పడలేదు. లోపల క్వాకో ఒక్కో చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి విన్నాడు. చాలా తుపాకులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. "కెప్టెన్ గారు చెప్పింది వినండర్రా" అన్న గొంతులూ ఉన్నాయి. కానీ ముందుకు మాత్రం ఎవరూ రావడం లేదు.

"తలుపు తీస్తారా?" అని అడిగాడు స్కిపియో చీకట్లోంచి.

"ఇవాళ తియ్యరేమో."

"మరి?"

"వాళ్ళు పోలేదుగా. విను."

డీకన్ మళ్ళీ అరిచాడు. ఈసారి గొంతు చీలింది. బయట ఫిబ్బీ వీపు తలుపుకు ఇంకాస్త గట్టిగా ఆనింది. క్వాకో లోపలి వైపు నుంచి ఇనుముకు వీపు ఆనించి కూర్చున్నాడు. గుట్ట కింద, హాలోవే దారి వైపు నుంచి, కొత్త కాళ్ళ చప్పుడు మొదలైంది.